పదకొండు సెకన్లు

నేను ఒక వీడియో కెమెరాను. సినిమావాళ్ళ ఇంట పుట్టినదాన్ని కాను. పెళ్ళిళ్ళకూ, ఓణీల ఫంక్షన్లకూ, గృహప్రవేశాలకూ మనిషి భుజమెక్కి వెళ్ళే రకం. చూసింది చూసినట్టు దాచుకోవడం తప్ప నాకు మరో విద్య రాదు. ఆ ఒక్క విద్యనే తలుచుకుని చాలాకాలం మురిసిపోయాను. మనుషులకు నోరుంది కనుక మాట మారుస్తారు, నాకు నోరే లేదు కనుక మార్చడానికి మాటే లేదు అనుకునేదాన్ని. అది ఎంత అమాయకత్వమో నాకు తెలిసేసరికి ఒక ముసలమ్మ జైలుకు వెళ్ళింది.

సముద్రాల అవతల ఒక కర్మాగారంలో, తెల్ల టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు నన్ను బిగించారు. నా కంట్లోకి గాజుబిళ్ళ దించిన ఆమె, దించినంతసేపూ ఊపిరి బిగబట్టింది. ఊపిరి తగిలితే గాజు మసకబారుతుందట. పుట్టీ పుట్టకముందే ఒకరు నా కోసం ఊపిరి ఆపుకున్నారన్న సంగతి నాకు ఇప్పటికీ ఇష్టం. అక్కడి నుంచి ఓడ, ఓడ నుంచి లారీ, లారీ నుంచి హైదరాబాదులో ఒక దుకాణం అద్దాల బీరువా. ఆ బీరువా ముందు అరగంట నిలబడి, చేతులు తుడుచుకుని మరీ నన్ను అందుకున్నవాడు సామల దశరథం. ఉత్తర తెలంగాణలో కోనాపురం అనే చిన్న పట్టణంలో ఆయనకు ఫోటో స్టూడియో ఉండేది.

దశరథానిది ఒకటే పట్టుదల. ఒకసారి నన్ను తెరిచాడంటే తంతు ముగిసేదాకా ఆపేవాడు కాదు, తీసినదాంట్లో ఏదీ కోసేవాడు కాదు. పెళ్ళికూతురి తండ్రులు వచ్చి తగవు పడేవారు.

"ఏంది దశరథం, మూడు గంటలున్నది వీడియో! మా వియ్యంకుడు బువ్వ తినుడే ఇరవై నిమిషాలాయె!"

"తిన్నడు గదా బావా. నేనేం జెయ్యాలె?"

"జర కొయ్యరాదయ్యా!"

"ఎక్కడ కొయ్యాలె? పప్పు కాడనా, పాయసం కాడనా? రేపు ఆయననే వచ్చి నా పాయసమేదంటె ఏం జెప్పాలె?"

మనుషుల్లో ఒక వింత గమనించాను. నిజంగా జరిగినదాన్ని నా కోసం మళ్ళీ ఒకసారి చేస్తారు. మూడు ముళ్ళు వేసిన పెళ్ళికొడుకు, నేను సరిగా చూడలేదని తెలిస్తే, వేసిన ముడి మీదే చెయ్యిపెట్టి మళ్ళీ వేస్తున్నట్టు నటిస్తాడు. ఏడ్చి ముగించిన తల్లి నన్ను చూసి ఇంకాస్త ఏడుస్తుంది. దాన్ని నేను అబద్ధం అనుకోలేదు. తమ సంతోషాన్ని ఎవరో ఒకరు దాచిపెట్టాలన్న ఆత్రం అనుకున్నాను.

కోనాపురం ఆడవాళ్ళ గురించి చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. అక్కడ ఇంటింటా బీడీలు చుడతారు. చాట ఒడిలో లేకుండా ఆడమనిషి ఎక్కడా కూర్చోదు. చాటలో తునికాకు, తంబాకు, దారం, ఒక కత్తెర. ఆకును కొలతకు కత్తిరించడానికి ఆ కత్తెర. పెళ్ళి పందిరి వెనకాల, ఆస్పత్రి వరండాలో, శవం లేచేదాకా కూర్చున్న వాకిట్లో కూడా ఆ వేళ్ళు ఆగవు. రోజు లెక్క తప్పితే కార్ఖానా కార్డులో పేరు కొట్టేస్తారని భయం. దశరథం తీసిన ప్రతి పెళ్ళిలోనూ, పందిరి గుంజల మధ్య నుంచి, కిరకిరమనే ఆ కత్తెరల చప్పుడు నాలో నమోదై ఉండేది.

దశరథం కళ్ళకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ చేయించుకున్నాడు కానీ, ముందున్న చూపు రాలేదు. ఒకరోజు నన్ను మెత్తటి గుడ్డతో తుడిచి, స్టూడియో తాళంచెవితో పాటు గాజుల సుదర్శన్ అనే నలభై ఏళ్ళ మనిషి చేతిలో పెట్టాడు. "నడిపిచ్చుకో. నేను జూడలేనప్పుడు నా దగ్గర ఉండి ఏం లాభం" అన్నాడు. మరుసటి ఏడు కన్నుమూశాడని విన్నాను.

సుదర్శన్ చెడ్డవాడు కాదు. ఈ మాట మీకు మొదటే చెప్పాలి, తర్వాత చెప్పడానికి నాకు మనసొప్పదు. ఎండలో వెళ్తే నా మీద తన తువ్వాలు కప్పేవాడు. అతను చిన్నప్పుడు తల్లి ఊపిరితిత్తుల జబ్బుతో ఏడు నెలలు మంచాన పడింది. ఆ ఏడు నెలలూ పక్కింటి లచ్చవ్వ తన బీడీలు తాను చుట్టుకుని, ఆ తల్లి కార్డు మీద ఇంకో చాటెడు చుట్టి కార్ఖానాలో వేసేది, పేరు పోకుండా. సుదర్శన్ ఈ సంగతి ఎవరితోనైనా చెబితే గొంతు తగ్గించి చెప్పేవాడు. లచ్చవ్వను 'పెద్దమ్మా' అని పిలిచేవాడు.

అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక పెళ్ళిళ్ళు తగ్గాయి. సుదర్శన్ ఒక వార్తా ఛానెల్‌కు ఊరి వార్తలు పంపే పనిలో చేరాడు. ఛానెల్ వాళ్ళు అతనికి లోగో ఉన్న మైకు ఇచ్చారు కానీ గుర్తింపు కార్డు ఇవ్వలేదు. కార్డు ఉంటే విలేకరి, లేకపోతే కెమెరా మోసేవాడు. ఆఫీసుల్లో బంట్రోతులు కూడా 'నీ కార్డేది?' అని అడిగేవారు. ఆ కార్డు కోసం అతను మూడేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు.

ఆ ఏడు వేసవి మొదట్లో బీడీ కార్మికులకు ప్రభుత్వం ఇచ్చే భృతి కొందరికి ఆగిపోయింది. వేలిముద్రలు పడటం లేదన్నారు. ముప్ఫై, నలభై ఏళ్ళు ఆకు చుట్టిన వేళ్ళు అవి, గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆఫీసులో ఉన్న చిన్న యంత్రం వాళ్ళ బొటనవేలు చూసి 'నువ్వు నువ్వు కాదు' అని తేల్చింది. యంత్రం చెప్పింది కనుక అధికారులు జాబితా నుంచి మూడు వందల పేర్లు తీసేశారు. నాలాంటిదే ఒక యంత్రం మనుషుల్ని గుర్తుపట్టనందని విని నాకు కాస్త సిగ్గేసింది. నేను ముఖాలు గుర్తుపడతాను కదా అని లోలోపల గర్వం కూడా కలిగింది.

యూనియన్ ధర్నాకు పిలిచింది. పని పోకుండా ఉండాలని, చాటలతోనే వచ్చి కూర్చోమన్నది. అలా రెండు వందల మంది ఆడవాళ్ళు పొద్దున్నే ఆర్డీవో ఆఫీసు గేటు ముందు చాటలు ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. ఒకపక్క నినాదం, ఒకపక్క బీడీ. నినాదం ఇచ్చేటప్పుడు కూడా దారం పళ్ళ మధ్య పట్టుకుని ఇచ్చేవాళ్ళు. ముందు వరసలో లచ్చవ్వ ఉంది. అరవై నాలుగేళ్ళు. పెట్టుడు పళ్ళు కావు, అన్నీ సొంతవే అని గొప్ప చెప్పుకునే మనిషి. సుదర్శన్ నన్ను భుజానికెత్తగానే అరిచింది.

"అరేయ్ సుదర్శనూ, మొకాలు మంచిగ రానియ్యిరా! పోయినసారి అందరం దయ్యాల లెక్క వడ్డం టీవీల."

"నీ మొకం మంచిగుంటె గదా పెద్దమ్మా, మంచిగొచ్చేది."

"వీని నోట్ల మన్నువడ! ఈ మొకం జూసే మీ పెదనాయిన ఇల్లరికమొచ్చిండు."

ఆడవాళ్ళంతా ఫక్కున నవ్వారు. బారికేడు అవతల నిలబడ్డ మహిళా కానిస్టేబుల్ కూడా తల తిప్పుకుని నవ్వింది. ఆమె పేరు బానోతు లలిత. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. మెడలో గుర్తింపు కార్డు, దానికి నీలం రంగు పట్టీ.

పదకొండు గంటలకు ఎమ్మెల్యే కారు వచ్చింది. వినతిపత్రం ఇద్దామని ఆడవాళ్ళు లేచారు. చాటలు కింద పెట్టారు కానీ, లచ్చవ్వలాంటి కొందరి చేతుల్లో కత్తెరలు అలాగే ఉండిపోయాయి. మీరు రాస్తూ లేస్తే పెన్ను చేతిలో ఉండిపోదా? అలాగే. సుదర్శన్ నన్ను ఆన్ చేశాడు. అక్కడి నుంచి పద్దెనిమిది నిమిషాలు నేను చూశాను.

ముందు నుంచి పోలీసులు నెట్టారు, వెనక నుంచి ఆడవాళ్ళు తోసుకొచ్చారు. ఇనుప బారికేడు పక్కకు ఒరిగింది. దాంతోపాటే లలిత మోకాళ్ళ మీద పడింది. ఆమె మెడలోని పట్టీ బారికేడు కొక్కేనికి తగులుకుంది. బారికేడు బరువుకు అది ఉరిలా బిగుసుకుంది. లలిత చేతులు గాలిలో కొట్టుకున్నాయి, నోట మాట రాలేదు. ఆ తొక్కిసలాటలో ఆమె పక్కనున్న పోలీసులకు అది కనపడలేదు. లచ్చవ్వకు కనపడింది.

ఆ క్షణంలోనే సుదర్శన్ వేలు జూమ్ మీట నొక్కింది. మోసం చేద్దామని కాదు. ముఖంలో నొప్పి కనిపిస్తే దగ్గరికి వెళ్ళడం ఈ వృత్తిలో చేతికి అలవాటు. నా చూపు దగ్గరికి వెళ్ళింది. బారికేడు నా చట్రంలోంచి జారిపోయింది, కొక్కెం పోయింది, బిగుసుకున్న పట్టీ ఖాకీ కాలరు నీడలో కలిసిపోయింది. మిగిలినవి ఒక మెడ, ఒక ముసలి చెయ్యి, ఎండకు తళుక్కుమన్న కత్తెర. కత్తెర పైకి లేచింది. మెడ మీదికి దిగింది.

పట్టీ తెగింది. లలిత ముందుకు పడి దగ్గింది. సుదర్శన్ మళ్ళీ నన్ను వెనక్కి లాగాడు కనుక తర్వాతిదంతా చూశాను. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఒకామె చాటలోని ఆకు గుమ్మరించి ఆ చాటతో విసిరింది. లచ్చవ్వ ఆ పిల్ల తలను ఒడిలో పెట్టుకుని చెంబుతో నీళ్ళు తాగించింది.

"ఏం దిన్నవ్ బిడ్డా పొద్దుగాల?"

"ఏం దినలే అవ్వా. ఆరింటికే డ్యూటీ ఏసిన్రు."

లచ్చవ్వ కొంగుముడిలోంచి సర్వపిండి రొట్టె తీసి, తుంచి, ముక్కముక్కగా తినిపించింది. లలిత తింటూ ఏడ్చింది. ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చి లచ్చవ్వకు దండం కూడా పెట్టాడు. ఎన్ని పెళ్ళిళ్ళు తీశాను! అంత మంచి దృశ్యం నా లోపలికి ఎప్పుడూ రాలేదు. స్టూడియోకు తిరిగి వెళ్తున్నంతసేపూ ఇది రేపు ఊరంతా చూస్తుందని పొంగిపోయాను.

స్టూడియోలో తీగతో నన్ను కంప్యూటరుకు తగిలించాడు సుదర్శన్. హైదరాబాదు నుంచి ఛానెల్ డెస్కు వాళ్ళు ఫోన్ చేశారు. స్పీకర్లో పెట్టాడు.

"ధర్నా ఎవరు చూస్తారు సుదర్శన్? రోజుకు నలభై వస్తాయి. కొట్టుకున్నారా?"

"కొట్టుకోలే సార్. ఒక కానిస్టేబుల్ పడిపోయింది, ఒక పెద్దమ్మ కాపాడింది. మస్తు విజువల్స్ ఉన్నయ్."

"కాపాడితే వార్త ఎట్లయితది? సరే, ఒక నిమిషం పంపు, చూస్తా."

పంపాడు. కాసేపటికి మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి ఆ గొంతులో హుషారు ఉంది.

"ఆ కత్తెర లేపేది చూసిన. అక్కడ మొదలుపెట్టు. తాడు తెగకముందే ఆపు."

"సార్, తాడు తెంపుడే అసలు..."

"తాడు గీడు పెడితే జనం కన్ఫ్యూజ్ అయితరు. ముందూ వెనకా వద్దు. నీ కార్డు ఫైలు మేనేజర్ టేబుల్ మీదనే ఉంది, తెలుసుగా?"

సుదర్శన్ ఫోన్ పెట్టేసి తెర ముందుకు జరిగాడు. తర్వాత ఒకచోట గీత పెట్టాడు, ఇంకోచోట గీత పెట్టాడు. రెండు గీతల మధ్య పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లలో ఒక్క సెకను కూడా అబద్ధం కాదు. నేను చూసిందే. నన్ను నాకే ఎదురు నిలబెట్టడం ఎలాగో మనుషులకు తెలుసునని నాకు అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం భోజనాల వేళకు అది రాష్ట్రమంతా తిరిగింది. ఒకే ముక్క, మళ్ళీ మళ్ళీ, చుట్టూ ఎర్రటి వలయం గీసి. 'ధర్నా ముసుగులో కానిస్టేబుల్‌పై హత్యాయత్నం.' ఎమ్మెల్యే మైకు ముందుకు వచ్చాడు. "ఇవి ధర్నాలా? వెనక ఎవరున్నరో మాకు ఎరుకే. ధర్నాకొచ్చేటోళ్ళకు కత్తెర్లెందుకయ్యా?" అన్నాడు. ఎందుకో కోనాపురంలో పుట్టిన ప్రతి మనిషికీ తెలుసు. ఎమ్మెల్యేకూ తెలుసు. అతని తల్లి కూడా ఒకప్పుడు ఆకు కత్తిరించిన మనిషే. కానీ టీవీ చూస్తున్న మిగతా ఊళ్ళకు తెలియదు. భృతి సంగతి, వేలిముద్రల సంగతి ఆ రోజు నుంచి ఎవరూ అడగలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే ఊళ్ళు కాదు. స్టూడియో ఎదురుగా టీ హోటల్ ఉంది. ఆ హోటల్ యజమాని భార్య ధర్నాలో లచ్చవ్వ పక్కనే కూర్చుంది, తాడు తెగడం తన కళ్ళతో చూసింది. పదిసార్లు టీవీ చూశాక ఆమే అన్నది, "ఏమో, ఆ మందిల ఏం జరిగిందో మనకేం ఎరుక?"

సాయంత్రం లచ్చవ్వ స్టూడియోకు వచ్చింది. కోపంతో రాలేదు. పిల్లవాడి పరీక్ష పేపరులో మార్కులు సరిచేయించడానికి వచ్చినట్టు వచ్చింది.

"గింతనే ఏసిన్రేందిరా? మిగిలింది గూడ ఏయమను."

సుదర్శన్ కుర్చీ జరిపాడు. "ఛానెలోళ్ళు ఏస్తలేరు పెద్దమ్మా. నా చేతుల లేదు."

"నీ దగ్గరనైతె ఉన్నదిగా, అంతా?"

"ఉన్నది."

"పోలీసోళ్ళడిగితే సూపెడ్తవు గదా?"

"సూపెడ్త. యాడికి పోతది పెద్దమ్మా? గీ కెమెరాలనే ఉన్నది."

ఆమె నా వైపు చూసింది. నిశ్చింతగా లేచింది. "సరేరా. నువ్వున్నవ్ గదా, నాకేం రంది" అన్నది. గడప దాటేముందు "అన్నం దిన్నవా?" అని అడిగింది. సుదర్శన్ తిన్నానన్నాడు. పొద్దుటి నుంచి అతను ఏమీ తినలేదని నాకు తెలుసు.

మరునాడు పొద్దున ఎమ్మెల్యే పుట్టినరోజు రక్తదాన శిబిరం. ఆయన మనిషి స్వయంగా వచ్చి సుదర్శన్‌ను పిలిచాడు, భుజం తట్టాడు, నిన్నటి పని బాగుందన్నాడు. "ఇగ మిగిలిన ముక్కలేమన్న ఉంటే సూసుకో. రేపు నీకే ఇబ్బంది" అన్నాడు, నవ్వుతూనే. అతను వెళ్ళాక సుదర్శన్ నన్ను చేతిలోకి తీసుకున్నాడు. నా మెమరీ కార్డులో జాగా లేదు. కొత్త కార్డు బజారులో దొరుకుతుంది. దుకాణం నాలుగు అంగల దూరం.

తుడిచేయమని మనిషి చెప్పగానే నేను తుడిచేయను. నా చిన్న తెర మీద ఒక ప్రశ్న వేస్తాను: అన్నీ పోతాయి, సరేనా? లోకంలో నాకున్న ఎదురుమాట అదొక్కటే. ఆ ప్రశ్న వేసి ఎదురుచూశాను. సుదర్శన్ బొటనవేలు మీట మీద ఆగింది. నా మీద తువ్వాలు కప్పిన చెయ్యి అది. తర్వాత నొక్కాడు.

చాట విసిరిన గాలి పోయింది. సర్వపిండి పోయింది. ఏడుస్తూ నమిలిన ఆ పిల్ల ముఖం పోయింది. ఆ జాగాలో ఎమ్మెల్యే కేకు కోశాడు. సరిగా రాలేదని మళ్ళీ కోశాడు.

అదే రోజు మధ్యాహ్నం లచ్చవ్వను అరెస్టు చేశారు. నలభై ఒక్క రోజులు జిల్లా జైల్లో ఉంది. వృద్ధుడైన వకీలు రహమతుల్లా బెయిలు తెచ్చారు. ఆయన స్టూడియోకు వచ్చి పూర్తి వీడియో అడిగితే, "నేను తీసిందే అంత సార్" అన్నాడు సుదర్శన్. ఛానెల్ వాళ్ళూ తమకు వచ్చింది అంతేనన్నారు. అతని మెడలో అప్పటికి గుర్తింపు కార్డు ఉంది. కేసు ఉన్న మనిషికి ఆకు ఇచ్చేది లేదని కార్ఖానా వాళ్ళు లచ్చవ్వ పేరు కొట్టేశారు. నలభై ఐదేళ్ళలో మొదటిసారి ఆమె ఒడిలో చాట లేదు.

వకీలు అర్జీ మీద కోర్టు నన్ను జప్తు చేయించింది. లోపల వెతికారు. కేకు దొరికింది. అయినా సాక్ష్యం వస్తువునే కనుక నన్ను కోర్టు ప్రాపర్టీ గదిలో పెట్టారు. నా పక్కన రెండు కొడవళ్ళు, ఒక కుట్టుమిషను, దొంగసారా సీసాలు. వానాకాలంలో పైకప్పు కారితే ముసలి అటెండరు నా మీద పాత దినపత్రిక కప్పాడు. ఎవరూ చెప్పకుండానే కప్పాడు. అలాంటివి గుర్తుపెట్టుకోకపోతే విచారణ దాకా ఆ గదిలో మూడేళ్ళు నేను గడపలేకపోయేదాన్ని.

విచారణ రోజు నన్ను తెచ్చి బల్ల మీద పెట్టారు. బ్యాటరీ ఎప్పుడో తీసేశారు. జన్మలో మొదటిసారి, దాచుకునే శక్తి లేకుండా ఊరికే చూశాను.

ముందు పదకొండు సెకన్లు వేశారు. తర్వాత సుదర్శన్ బోనెక్కాడు. లచ్చవ్వ వైపు చూడకుండా నిలబడ్డాడు.

"ఎన్ని నిమిషాలు తీసినవ్?" అన్నారు రహమతుల్లా.

"నిమిషాలు కాదు సార్. ఆ పదకొండు సెకన్లే."

"అంటే గంటన్నర ఎండల నిలబడి, సరిగ్గా కత్తెర లేచినప్పుడు ఆన్ చేసి, తాడు తెగకముందే బంద్ చేసినవ్?"

"ఏ తాడు సార్?" అన్నాడు సుదర్శన్.

లచ్చవ్వ కళ్ళు మూసుకుంది. జైలుకు వెళ్ళినప్పుడు కూడా ఆమె ముఖం అలా కుంగలేదని తర్వాత అటెండరు అనగా విన్నాను.

ఆఖరున లలితను పిలిచారు. ఆమె సంతకం చేసిన వాంగ్మూలం ఫైలులో ఉంది. 'ముద్దాయి నన్ను చంపాలని కత్తెరతో మెడపై పొడవబోయింది' అని. ప్రభుత్వ వకీలు దాన్నే చెప్పించబోయాడు. లలిత ఖాకీలో, బిగుసుకుని నిలబడింది. గది గోడ పక్కన ఆమె ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే సార్. రాసింది నేను కాదు."

ఇన్‌స్పెక్టరు కాలు మీది కాలు తీశాడు. ప్రభుత్వ వకీలు సాక్షి ఎదురు తిరిగిందన్నాడు. జడ్జి గారు చెయ్యెత్తి, ఏం జరిగిందో నువ్వే చెప్పమన్నారు. లలిత చెప్పింది. బారికేడు, కొక్కెం, పట్టీ, కత్తెర, నీళ్ళు, సర్వపిండి. ఒక్కటీ వదల్లేదు. చివర ఒక క్షణం ఆగింది.

"ఇంకోటున్నది సార్. ఈమె నన్ను కొట్టింది."

కోర్టు గదిలో అందరి తలలూ లేచాయి. ప్రభుత్వ వకీలు గబుక్కున ముందుకు వచ్చాడు. "ఎక్కడ కొట్టింది?"

"చెంప మీద సార్. నీళ్ళు తాగి నేను కూసోంగనే ఒక్కటిచ్చింది. తినకుంట డ్యూటీకి ఎట్లొస్తవే, నీకు తల్లిలేదా అని. అటెన్కనే సర్వపిండి పెట్టింది."

జడ్జి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. బోనులోంచి లచ్చవ్వ గొణిగింది, "ఎక్వ గట్టిగ కొట్టలేదు సారూ."

ఆ చెంపదెబ్బ నేనూ చూశాను. చూసి కూడా ఇందాక మీకు చెప్పలేదు. చెబితే మీరు దాన్నొక్కదాన్నే పట్టుకుంటారేమోనని భయపడి, నా అంతట నేనే కోసేశాను. సుదర్శన్ ఎందుకు నొక్కాడో నాకు ఆ రోజు కొంచెం అర్థమైంది. క్షమించడానికి మాత్రం ఆ అర్థం చాలలేదు. తన ఉద్యోగం పణంగా పెట్టి, అవ్వకు చెడు చేస్తుందేమోనని తెలిసి కూడా, ఆ చెంపదెబ్బతో సహా చెప్పిన పిల్ల ముందు నేనూ సుదర్శనూ ఒకే బల్ల మీది వస్తువులం.

తీర్పు నెల రోజులకు వచ్చింది. లచ్చవ్వ నిర్దోషి. లలితను అప్పటికే అడవి పక్క స్టేషనుకు బదిలీ చేశారు. తీర్పు రోజున కోర్టు ఆవరణలో ఏ ఛానెల్ కెమెరా లేదు. సుదర్శన్ రాలేదు. అతని ఛానెల్లో ఆ రోజు కింద జారే అక్షరాల్లో కూడా లచ్చవ్వ పేరు లేదు. ఆ పదకొండు సెకన్లు మాత్రం ఇంకా జనం ఫోన్లలో తిరుగుతున్నాయి. ఈమధ్య వేరే రాష్ట్రంలో ఏదో ధర్నా జరిగితే, అక్కడిదేనని వాటినే చూపించారట.

నన్ను మళ్ళీ పెట్టిన ప్రాపర్టీ గదికి ఒక కిటికీ ఉంది. కిటికీ కింద కోర్టు మెట్లు. తీర్పు విని లచ్చవ్వ ఆ మెట్లు దిగుతుంటే అక్కడ కూర్చున్న ఇద్దరు పరాయి ఊరి ఆడవాళ్ళు గుసగుసలాడారు. నాకు వినపడిందంటే ఆమెకూ వినపడే ఉంటుంది.

"గా టీవీల కత్తెర ముసల్ది గదనే?"

"అదే. ఇడిసిపెట్టిన్రట."

"ఏదో పైరవీ జేసుకున్నట్టున్నది."

అడుగుల చప్పుడు ఆగింది. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టే హక్కు ఉంది, తిట్ల సంపదా ఉంది. మెట్టు మీద కొంగు దులిపిన చప్పుడు వినపడింది.

"అవ్ బిడ్డా, నేనే. జర జరుగున్రి. కూసోని చెప్త, కొంచెం సేపు వడ్తది."

ధర్నా రోజు పొద్దున లేచి సర్వపిండి కాల్చిన దగ్గర మొదలుపెట్టింది. పిండిలో ఉప్పు ఎక్కువైన సంగతి చెప్పింది. ధర్నాకు ఎవరెవరు ఏ చీరలు కట్టుకొచ్చారో చెప్పింది. పని ఉందని లేవబోయిన ఆ ఇద్దరిలో ఒకామె మళ్ళీ కూర్చుంది. బారికేడు దగ్గర లచ్చవ్వ గొంతు తగ్గించింది, కత్తెర దగ్గర తగ్గించలేదు. చెంపదెబ్బ దగ్గరికి వచ్చేసరికి వాళ్ళలో ఒకరు పకపకా నవ్వారు. అప్పటికి లచ్చవ్వ ఇంకా సగంలోనే ఉంది.